గంగాళం కింద దూలం

మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు రెండుసార్లు తుడుచుకున్నాకే కట్టడాల నక్షాలు గీసే గుడ్డ పరిచేదాన్ని. నా భర్త విద్యాసాగర్ హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఒక కంట్రాక్టరు దగ్గర నక్షాలు గీసే ఉద్యోగి. ఆయనకు చేయి వణుకు. పెళ్లయిన రెండో ఏటినుంచీ ఆయన నక్షాలు గీస్తున్నది నేనే. లెక్కలు బడిపంతులైన మా నాన్న నేర్పినవి. ఆఫీసులో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

నాంపల్లి స్టేషను వెనక లేస్తున్న బీరు కార్ఖానా నక్షా కూడా నాదే. గోడలు ఊరికే కప్పుకోవడానికి. భారమంతా ఉక్కు స్తంభాలది, ఉక్కు దూలాలది. నాలుగో అంతస్తులో బీరు కాచే పెద్ద రాగి గంగాళం. అది నిండితే ఎంత బరువో, కింద దూలం ఎంత ఉండాలో నాకు నోటికి వచ్చు.

జర్మనీతో యుద్ధం వచ్చి ఉక్కు దొరకడం కష్టమైంది. ఒక సాయంత్రం ఆయన ఆ నక్షా తిరిగి తెచ్చి, పన్నెండు అంగుళాల దూలాన్ని ఎనిమిదిగా దిద్దమన్నారు.

"గింత చిన్నది ఆగదు. గంగాళం నిండితే వంగుతది," అన్నాను.

"కంట్రాక్టరు చెప్పిండు. నువ్వు గీతలు గియ్యి అహల్యా, బరువుల ఫికర్ నీకెందుకు?"

వంటింట్లోంచి అత్తగారు అందుకున్నారు: "ఇనుముతోని ఆడిదానికేం పని? వచ్చి పాలు చూడు."

దిద్దాను. పాలూ చూశాను.

ఆ కార్ఖానాలో తట్టలు మోసే వీరమ్మ రోజూ ఉదయం మా కుళాయి దగ్గరికి నీళ్లకు వచ్చేది. కార్ఖానా నాలుగంతస్తులూ లేచాక ఒకనాడు బిందె ఎత్తుకుంటూ అన్నది: "గంగాళంల నీళ్లు నింపుతున్నరమ్మా, కారుతదేమో చూసేతందుకు. సగమైంది. ఏందో, దాని కింది అర్ర తలుపు పడ్తలేదు. నిన్న చెక్కిచ్చిన్రు. పొద్దుగాల మల్ల పడ్తలేదు."

తలుపు పెరగలేదు. పైన దూలం దిగి తలుపు చట్రాన్ని నొక్కుతోంది.

"గా అర్రల ఇయ్యాల ఎవరుంటరు?"

"మేమే. ఇరవై మందిమి."

లోపల గడ్డం గీసుకుంటున్న మా ఆయనకు చెప్పాను. కత్తి ఆగింది. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

"ఊకో. బయటపడితే నౌకరీ పోతది," అన్నారు మెల్లగా.

ఎసరు దింపి, వీరమ్మ వెంట నడిచాను. మూడో అంతస్తులో ఆడవాళ్లు వంగి గచ్చు చేస్తున్నారు. వాళ్ల తలలపైన ఇనుము మూలుగుతోంది. తట్టలు వదిలి దిగమన్నాను. మేస్త్రీ దుర్గయ్య అడ్డం వచ్చాడు.

"నువ్వెవరమ్మా పని ఆపనీకి?"

మా ఆయన అప్పటికే నా వెనకే రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. చెంపకు సబ్బు నురగ ఇంకా ఉంది. "నా భార్య. జర మతి బాగలేదు. ఇంటికి తీస్కపోత."

"ఈ నక్షా గీసింది నేను," అన్నాను దుర్గయ్యతో. "తప్పు కొలత రాసింది కూడా నేనే. దూలం చూడు."

అతను తలెత్తాడు. దూలం నడుమ కిందికి వంగి ఉంది. పెదవులు తడుపుకుని, "అందరు దిగున్రి. గంగాళంల నీళ్లు ఇడ్వున్రి," అన్నాడు.

చివరి మనిషి దిగేదాకా అక్కడే ఉన్నాను. కింద ఆయన నా మోచేయి పట్టుకున్నారు. "పానాలు దక్కినయి గద. ఇగ ఇంటికి పా."

చేయి విడిపించుకుని, దూలం కొలత ఎవరు తగ్గించమన్నారో చెప్పడానికి కార్ఖానా మాలిక్ ఆఫీసున్న అబిడ్స్ వైపు నడిచాను.