బొద్దుపిల్లకి రక్తం లేదట

ఆసుపత్రి పిల్లల విభాగంలో అందరూ ఆమెను సూదమ్మ అనేవారు. ఆమె పని రక్తం తీయడం. పన్నెండేళ్ళుగా అదే పని. ఏడ్చే పిల్లల్ని మాటల్లో పెట్టి, వాళ్ళు మూడు లెక్కపెట్టేలోగా సూది గుచ్చి తీసేసేది. "అప్పుడే అయిపోయిందా?" అని పిల్లలే తెల్లబోయేవారు. డాక్టర్లు కూడా సూదమ్మా అని పిలవడం మొదలుపెట్టాక, ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా మిగల్లేదు.

ఆ ఏడాది బడిపిల్లలందరికీ పరీక్షలు చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బరువు, ఎత్తు, రక్తంలో ఇనుము, కొవ్వు. కొవ్వు చూడాలంటే పరగడుపున తీయాలి కనుక పిల్లలు ఏడింటికల్లా ఆకలి మొహాలతో బస్సులు దిగేవారు. రోజుకు అరవైమంది. తోటి టెక్నీషియన్ పురిటి సెలవులో ఉంది. సూదమ్మ ఐదింటికి లేచి, వంట ముగించి, ఏడింటికి ఆసుపత్రికి చేరి, మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒళ్ళు హూనమైపోయేది. రెండంతస్తుల మెట్లెక్కడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని నిలబడేది. పని ఎక్కువైందిలే, అనుకునేది.

ఇంట్లో ఉండేది అత్తగారూ, కూతురూ. భర్త లారీ డ్రైవరు. నెలలో పదిరోజులు ఇంటిపట్టున ఉంటే గొప్ప. కూతురికి పదేళ్ళు. పసుపుపచ్చ గౌను తొడిగిన పసిదాన్ని చూసి, బంతిపువ్వులా ఉందని మురిసిపోయి నానమ్మ 'బంతి' అని పిలిచింది. బళ్ళో పిల్లలూ బంతి అనే పిలిచేవారు, కాని వాళ్ళ మనసులో ఉన్నది పువ్వు కాదు.

బంతి బడినుంచి రాగానే నానమ్మ పెద్ద గ్లాసుతో టీ ఇచ్చేది. దాంట్లో ముంచుకోవడానికి బిస్కెట్ల పొట్లం విప్పేది. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని పొట్లం ఖాళీ చేస్తూ బడి కబుర్లు చెప్పుకునేవారు. ఆ తర్వాత బంతి అక్కడే మంచం మీద ఒరిగిపోయేది. సూదమ్మ వచ్చేసరికి గాఢనిద్ర.

"లేవే, పోయి కాసేపు ఆడుకో. ఇలా మొద్దులా పడుకునే ఒళ్ళు పెంచుతున్నావు" అని కసిరేది సూదమ్మ.

"ఓపిక లేదమ్మా."

"పదేళ్ళదానికి ఓపిక లేకపోవడమేమిటి? ఓపిక లేనిది నాకు!"

"పోనీలే అమ్మాయ్, పెరిగే పిల్ల, పడుకోనీ" అనేది అత్తగారు. సూదమ్మ అంతటితో ఊరుకునేది. ఆ వేళకి పిల్లని కనిపెట్టుకుని ఓ మనిషి ఇంట్లో ఉండటమే పదివేలు.

పరీక్షలు మొదలైన ఏడో రోజు వచ్చిన బస్సు బంతి వాళ్ళ బడిది. అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది సూదమ్మే. కాని పొయ్యిమీద కూర మాడుతున్న హడావిడిలో తేదీ చూడలేదు. వరసలోంచి ఓ చెయ్యి ఊగితే తలెత్తి చూసింది. బంతి నవ్వుతోంది.

రక్తం తీసేముందు ప్రతి పిల్లనీ కొన్ని ప్రశ్నలడిగి కాగితం మీద రాయాలి. బంతి వంతు వచ్చేసరికి అప్పటికే నలభైమందిని అడిగి సూదమ్మ నోరెండిపోయింది. అదే గొంతుతో అడిగింది.

"పొద్దున ఏమైనా తిన్నావా?"

"లేదు. నానమ్మ పెట్టబోతే పారిపోయి వచ్చా."

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"వస్తుంది. నీకూ వస్తుందిగా?"

"నా సంగతి కాదు. మట్టి, సుద్ద, ఐసుముక్కలు, అలాంటివేమైనా తింటావా?"

బంతి వెనక్కి తిరిగి టీచరు ఎంత దూరంలో ఉందో చూసుకుంది. తర్వాత బల్ల మీదకి వంగి రహస్యంగా అంది.

"ఇంట్లో చెప్పరుగా?"

"ఎవరికి చెప్పకూడదు?"

"మా అమ్మకి" అంది బంతి, ఎదురుగా కూర్చున్నది సూదమ్మే గాని తన తల్లి కాదన్నట్టు.

సూదమ్మ కలం బల్ల మీద పెట్టింది. "చెప్పను" అంది.

"సుద్దముక్కలు. బోర్డు కింద పడతాయే, అవి. రోజుకి రెండు. ఒక్కోసారి మూడు. ఆ వాసన భలే ఉంటుంది. మూడో తరగతి నుంచీ తింటున్నా."

ఇప్పుడు చదువుతున్నది ఐదు. రెండేళ్ళు! సుద్ద తినే పిల్లల్ని ఎక్కడెక్కడి నుంచో పట్టుకొచ్చిన తల్లులకి, "కొట్టకండమ్మా, ఒంట్లో ఇనుము తగ్గితే పిల్లలకి అలాంటివాటి మీదికి మనసు పోతుంది" అని ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితితొట్లో పడ్డట్టు, సొంత పిల్లని ఒక్కనాడైనా అడిగిందా?

బొద్దు చేతిలో నరం దొరకలేదు. గుచ్చింది, తప్పింది. అలా తప్పి ఎన్నేళ్ళయిందో. బంతి పెదవి బిగబట్టింది గాని ఏడవలేదు.

"అయిపోయిందా?"

"లేదమ్మా. ఇంకొక్కసారి. రెండో చెయ్యి ఇవ్వు."

మర్నాడు మధ్యాహ్నానికి లెక్కలు వచ్చాయి. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర. ఇనుము నిల్వలు అడుగంటాయి. రక్తంలో కొవ్వు ఉండవలసినదానికి రెట్టింపు. బరువు యాభైరెండు కిలోలు. మిషన్ మీద నమ్మకం లేక కాదు గాని, సూదమ్మ అదే రక్తాన్ని మళ్ళీ పెట్టి చూసింది. అంకెలు అలాగే ఉన్నాయి.

పిల్లల డాక్టరు కాగితం చూసి కళ్ళద్దాలు తీసింది. "లావుగా ఉందిగా, రక్తమెలా తక్కువని మీరూ అడుగుతారా?"

"నేనడగను డాక్టరుగారూ. మా ఇంట్లో అడుగుతారు."

"కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరని చెప్పండి. పిండి, చక్కెర, నూనె కొవ్వుగా చేరుతున్నాయి. వాటిలో ఇనుమెక్కడుంది? పైగా తిండితో పాటు టీ తాగితే ఉన్న కాస్తా ఒంటికి పట్టదు. బరువెక్కిన పిల్లల్లో ఇనుము లోపలికి చేరడమే కష్టం. రక్తం లేక ఓపికుండదు, ఓపిక లేక కదలదు, కదలక బరువు పెరుగుతుంది." ఆమె కాగితం మడిచి ఇచ్చింది. "బద్ధకం కాదమ్మా అది."

సూదమ్మ చూపు దించుకుంది.

"మీ రక్తం కూడా ఒక గొట్టం తీయించి పంపండి. మొహం పాలిపోయి ఉంది."

"పని ఎక్కువై..."

"అందరు తల్లులూ ఆ మాటే అంటారు."

ఓ నర్సు చేత తీయించుకుంది. ఏడున్నర. కూతురికన్నా ఒకటి తక్కువ.

ఆ సాయంత్రం సూదమ్మ చెప్పినదంతా విని అత్తగారు టీ గిన్నె దించి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం మాటలు అమ్మాయ్ ఇవి? ఎదురింటి పిల్లకి రక్తం లేదంటే నమ్ముతా, చీపురుపుల్లలా ఉంటుంది. గుండ్రాయిలాంటి నా మనవరాలికి రక్తం లేదా? ఆ మిషను పాడైపోయుంటుంది."

"రెండుసార్లు చూశానత్తయ్యా."

"అయితే నేను పెట్టిన తిండే విషమైందంటావు! పుట్టినప్పటినుంచీ సాకింది నేను. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఊళ్ళో పిల్లల రక్తం తీస్తున్నాను."

పోట్లాడదామనే వచ్చింది సూదమ్మ. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. తీరా నోరు విప్పేసరికి కాళ్ళలో సత్తువ లేక వంటింటి నేలమీద చతికిలపడింది.

"తప్పు మీదనడానికి రాలేదు. మీరు తిండి పెట్టారు, నేను తిట్లు పెట్టాను. ఒంట్లో రక్తం లేని పిల్లని రెండేళ్ళు మొద్దన్నాను, బద్ధకమన్నాను. నాకూ లేదటత్తయ్యా రక్తం. దానికన్నా తక్కువట."

అత్తగారు పొయ్యి ఆర్పింది. తర్వాత పీట జరిపింది. "నేల చల్లగా ఉంది. దీనిమీద కూర్చో." మళ్ళీ పొయ్యివైపు తిరిగి అడిగింది. "టీ, బిస్కెట్లు మానేస్తే సాయంత్రాలు అది నా దగ్గరెందుకు కూర్చుంటుంది?"



ఆ మూడు నెలలూ నడిచిన తీరు చెప్పుకోవడానికేమీ లేదు. డాక్టరు రాసిన ఇనుము మాత్రలు వేసుకుంటే బంతికి కడుపునొప్పి. దొడ్డికి నల్లగా వస్తోందని ఒకరోజు భయపడి ఏడ్చింది. వారం రోజుల మాత్రలు దిండు గలీబులో దాచేసింది. టీ బదులు ఇచ్చిన నిమ్మకాయ నీళ్ళు ముక్కు మూసుకుని తాగింది. తండ్రి లారీ దిగుతూ చాక్లెట్ల డబ్బా తెచ్చాడు. ఆ పూట ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. పిల్ల ఏడుపు చూడలేక అత్తగారు రెండుసార్లు చాటుగా బిస్కెట్లు పెట్టింది, రెండుసార్లూ తనే ఒప్పుకుంది. సాయంత్రాలు ఆ ముసలావిడే మనవరాలి చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేది. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. సూదమ్మ రాత్రి భోజనానికి ఆకుకూరో, పప్పో, గుడ్డో వండేది. వండాక పొయ్యి కట్టేసి, తన మాత్ర వేసుకోవడం మర్చిపోయేది. "అమ్మా, నీది" అని బంతి కక్షగా గుర్తుచేసేది. తను మింగినప్పుడు ఇంకొకరూ మింగాలి మరి.

మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష. ఈసారి నరం మొదటిసారే దొరికింది. రక్తం పదిన్నర దాటింది. కొవ్వు కొంచెం తగ్గింది గాని ఉండవలసిన చోటికి రాలేదు. బరువు ఒకే ఒక్క కిలో తగ్గింది. డాక్టరు సంతోషించి ఇంకో మూడు నెలలకి మాత్రలు రాసింది.

"ఇంత తపస్సుకి ఒక్క కిలోనా?" అని అత్తగారు మంచం మీద కాళ్ళు చాపి మోకాళ్ళు ఒత్తుకుంది. "నేనే రెండు తగ్గుంటాను."

సూదమ్మకీ నీరసం పూర్తిగా పోలేదు. తోటి టెక్నీషియన్ ఇంకా సెలవులోనే ఉంది. అయినా అంతకుముందులా ప్రతిదీ పనిమీదకి తోసేయడం మానుకుంది.

మర్నాడు బంతి చెమటతో, జడ ఊడిపోయి, కోపంగా ఇంటికి వచ్చింది. సంచీ గోడకి కొట్టింది.

"పరుగుపందెంలో అందరికన్నా ఆఖరున వచ్చా!"

"పరిగెత్తావా?" అంది సూదమ్మ, తరుగుతున్న కత్తి పక్కనపెట్టి.

"పరిగెత్తకపోతే ఆఖరెలా వస్తానమ్మా?" అని విసుక్కుని బంతి మంచినీళ్ళ కోసం లోపలికి పోయింది.