అందరి బెల్టు

ఆ విమానాశ్రయంలో ఏ కంపెనీ ప్రయాణికుల పెట్టెలైనా ఒకే బెల్టు మీద, ఒకే స్కానర్‌లోంచి వెళ్లాల్సిందే. ఒక్క పెట్టెలో అనుమానంగా ఏదైనా కనిపించిందంటే బెల్టు మొత్తం ఆగిపోయేది. వెనకాల పెట్టెలు గుట్టపడేవి, విమానాలు ఆలస్యమయ్యేవి. స్కానర్ పాతబడిపోయింది. అందరూ కలిసి కొత్తది తెచ్చుకోవాలనీ, దాన్ని ఎలా వాడుకోవాలో తేల్చుకోవాలనీ కంపెనీల మేనేజర్లు సమావేశమయ్యారు.

వాళ్లలో రెండే విమానాలున్న కంపెనీ మేనేజరు ఒకావిడ. అందరూ చిన్నమేడం అనేవారు. చిన్నది కంపెనీయే, గొంతు కాదు. అన్నిటికన్నా పెద్ద కంపెనీ మేనేజరు ఆమెకు వియ్యంకుడు. ఆమె కూతురు ఆయన ఇంటి కోడలై ఇంకా ఏడాది తిరగలేదు.

"రద్దీ వేళ మా పెట్టెలే ముందు వెళ్లాలి. కాదంటే మా స్కానర్ మేమే పెట్టుకుంటాం," అన్నాడాయన.

ఆయన తప్పుకుంటే ఖర్చు మోయలేక మిగిలినవాళ్లు కొత్త స్కానర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే చిన్న కంపెనీలన్నీ ముందే ఒక మాట అనుకున్నాయి, ఎవరూ ఆయనతో విడిగా ఒప్పందం చేసుకోకూడదని.

టీ తాగేటప్పుడు ఆయన చిన్నమేడాన్ని కిటికీ దగ్గరికి పిలిచాడు.

"చెల్లెమ్మా, మీ రెండు విమానాలెంత? మా లైన్లో కలిపేస్తాను. మనలో మనకి పట్టింపులేంటి?"

ఊఁ అంటే తన పెట్టెలు హాయిగా వెళ్లిపోతాయి.

"మరి మిగతావాళ్లో, అన్నయ్యగారూ?"

"వాళ్ల తిప్పలు వాళ్లవి."

"వాళ్లకి మాటిచ్చానండీ."

"అమ్మాయి మొహం చూసైనా ఆలోచించండి."

ఆ మాట చురుక్కుమంది. "అమ్మాయిని మీ ఇంటికి ఇచ్చాను గానీ, నా మాటనివ్వలేదు. మీరడిగింది లోపల అందరికీ చెప్తాను. దాస్తే రేపు నన్నెవరూ నమ్మరు."

అన్నట్టే చెప్పింది. ఆయన మొహం కందగడ్డయింది. సమావేశం అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. "ఏం చేశావమ్మా? మామయ్యగారు వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదు."

తల్లి జరిగిందంతా చెప్పింది.

"సరే, నన్ను చూసి నువ్వు వెనక్కి తగ్గకు. ఇక్కడ నేను చూసుకుంటాను," అంది కూతురు.

మళ్లీ అందరూ కూర్చున్నప్పుడు చిన్నమేడం తిన్నగా ఆయననే అడిగింది. "మా విమానాలు దిగి మీవి ఎక్కేవాళ్లు ఎంతమంది లేరు? రెండు స్కానర్లయితే వాళ్ల పెట్టెల్ని మళ్లీ తనిఖీ చేయాలి. పెట్టె రాలేదని మీ విమానం ఆగదా?"

వెంటనే తన ప్రతిపాదన కూడా చెప్పింది.

"ఏ విమానం ముందు బయల్దేరితే దాని పెట్టెలే ముందు. అది ఎవరిదైనా సరే. అనుమానమున్న పెట్టెని పక్క బెల్టుకి తోసేద్దాం, మిగతావి ఆగకుండా."

ఆయన చాలాసేపు బల్ల మీద వేళ్లు ఆడించాడు. చివరికి ఒప్పుకుంటూనే, వరస ఎవరూ మార్చకుండా అన్ని కంపెనీల మనుషులూ వంతులవారీగా కాపలా ఉండాలన్నాడు. అదీ న్యాయమే అనిపించింది అందరికీ. సంతకాలయ్యాయి.

లిఫ్టు దగ్గర ఆయన గొంతు తగ్గించాడు. "ఆ రోజు అమ్మాయి మాట ఎత్తకుండా ఉండాల్సింది, చెల్లెమ్మా."

"ఎత్తారు. మర్చిపోవడానికి కొంచెం టైం పడుతుంది, అన్నయ్యగారూ."

ఆయన తలూపాడు. లిఫ్టు వచ్చింది. ఇద్దరూ అందులోనే కిందికి దిగారు.