ఆకుపచ్చ మూత సంచి

చెయ్యి విరిగేదాకా ఆ దర్జీ ఆవిడ తన భర్త వైద్యంలో ఇంకొకరిని వేలు పెట్టనివ్వలేదు.

ఆయన డ్రైవింగ్ నేర్పే మాస్టారు. మూత్రపిండాలు పాడయ్యాక, ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునేలా పొట్టకి సన్నటి గొట్టం అమర్చారు. పూటపూటా దాంట్లోంచి చక్కెర కలిపిన మందునీళ్ళు ఎక్కించి, కొన్ని గంటలుంచి దింపేయాలి.

"కడుపులో పల్చటి పొర ఉంటుందమ్మా," అని నర్సు ఆమెకు నేర్పింది. "అటు రక్తం, ఇటు ఈ నీళ్ళు. రక్తంలో ఎక్కువున్న మలినం పొర దాటి ఇటు వచ్చేస్తుంది. ఒంట్లో చేరిన నీటిని చక్కెర లాగుతుంది. మామూలుగా పసుపు మూత సంచి చాలు. కాళ్ళు వాస్తే ఆకుపచ్చ మూతది పెట్టు. అందులో చక్కెర ఎక్కువ, నీటిని గట్టిగా లాగుతుంది."

ఆయన ఒంట్లో ఏది ఉండాలో, ఏది పోవాలో చూసేది తనేనని ఆమెకు లోలోపల గర్వం. అలాంటిది కొట్టు మెట్ల మీద జారిపడి మణికట్టుకి కట్టు పడేసరికి, ఆయన అక్కని పిలవక తప్పలేదు.

వదిన ఒక్కపూటలో పని నేర్చుకుంది. "చెయ్యి తిరిగిన మనిషి," అని నర్సు మెచ్చుకుంది. అది సరే. మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. చిన్నప్పటి దొంగతనాలు, తిన్న దెబ్బలు, తను లేని కథలన్నీ పడకగదిలోంచి వినపడుతుంటే ఆమె వంటింట్లో ఒంటిచేత్తో గిన్నెలు చప్పుడు చేసేది.

"అక్క చేస్తే తెలియనే తెలియదు. నువ్వు చేస్తే చొక్కాకి కొలతలు తీసినట్టుంటుంది," అన్నారాయన ఓసారి, సరదాకే. ఆమెకు ఒళ్ళు మండింది.

ఒక ఉదయం ఆయన కాళ్ళు ఉబ్బినట్టు కనిపించాయి. బొటనవేలితో నొక్కింది. పడ్డ గుంట పూడలేదు. అంతలో వదిన పసుపు మూత సంచి పట్టుకొచ్చింది. ఆమె నోరు తెరిచి, మూసుకుంది. 'చెయ్యి తిరిగిన మనిషి కదా, తనే తెలుసుకుంటుందిలే' అనుకుని కొట్టుకి వెళ్ళిపోయింది. ఇవాళో రేపో డాక్టరు వదినని కేకలేస్తాడు. అప్పుడు తన విలువ భర్తకే తెలిసొస్తుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. మాట సగంలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. వదిన కంగారుగా విసురుతోంది. పక్కనే మళ్ళీ పసుపు మూత సంచే.

"అది కాదు వదినా, ఆకుపచ్చది," అంది ఆమె. నర్సుకి ఫోను చేస్తే అదే పెట్టమంది, ఆయాసం పెరిగితే వెంటనే తీసుకురమ్మంది. సాయంత్రానికి దిగిన నీళ్ళ సంచి ఎక్కించినదానికంటే బరువుగా ఉంది. ఆయన ఊపిరి కుదుటపడింది.

"నా బుర్రకెక్కలేదమ్మా, తప్పంతా నాదే," అని కళ్ళు తుడుచుకుంటూ వదిన వంటింట్లోకి వెళ్ళింది.

"పొద్దున కాలు నొక్కి చూశావుగా?" అన్నారు మాస్టారు మెల్లగా.

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు నవ్వుతున్నారు. నాతో అలా ఎప్పుడు నవ్వారో గుర్తు లేదు."

"కన్నుకుట్టిందన్నమాట. దర్జీవి కదా, ఏదో ఒకటి కుట్టాలి." నవ్వబోయి ఆగిపోయారు. "అక్క తన తప్పనుకుని ఏడుస్తోంది. వెళ్ళి చెప్పు."

ఆమె వెళ్ళి చెప్పింది. వదిన కుళాయి కట్టేసి, "వాడికేమన్నా అయ్యుంటే?" అని మాత్రం అంది. మర్నాడు పొద్దున్నే వదిన మొహం పక్కకి తిప్పుకునే, "ఆ కాళ్ళు చూసి ఏ సంచి పెట్టాలో చెప్పు," అంది.

కట్టు విప్పేదాకా అలాగే సాగింది. ఆమె కాళ్ళు చూసి చెప్పేది, వదిన సంచి మార్చేది. గదిలోంచి నవ్వులు వినపడితే వంటింట్లో గిన్నెలు ఇంకా చప్పుడయ్యేవి. అయినా ఒకరోజు చేతిలో పని వదిలేసి లోపలికి వెళ్ళి, మంచం చివర కూర్చుంది.

"దేనికి నవ్వుతున్నారు? మొదట్నించీ చెప్పండి," అంది.