రాసియ్యండి సార్

నల్లమాడ దగ్గర ఒక పల్లె పుష్పావతిది. మగబిడ్డగా పుట్టి, ఇరవై రెండో ఏట కోక కట్టి, కలెక్టరు సంతకంతో ట్రాన్స్‌జెండర్ కార్డు తెచ్చుకున్న మనిషి. ఆ ఏడు వాన మొకం చాటేసింది. శెనక్కాయ విత్తనం భూమిలోనే మాడింది. ఊరంతా ఉపాధి హామీ కరువు పనికి పోతాంటే ఆమె కూడా పార పట్టుకుని పోయింది.

ఫోనులో హాజరు వేసే మేటు గిరి ఆమెను చూసి దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు ఈడ వద్దులే. ఆడోళ్ల గుంపులో కలిపితే వాళ్లు ఇబ్బంది పడతారు. మగోళ్లలోకి నువ్వు పోవు."

పుష్పావతి పార ఇంటికాడ పెట్టింది. కార్డు తీసుకుని, ఆటో ఎక్కి మండలాఫీసుకు పోయింది.

పనులు చూసే అధికారి ఉదయ్ కుమార్ కార్డును అటూ ఇటూ తిప్పినాడు. "ఊర్లో గొడవ ఎందుకమ్మా? కొన్నాళ్లు సర్దుకో."

"సర్దుకుంటా సార్. నాకు పని లేదని, ఎందుకు లేదో గూడా, కాగితం మీద రాసియ్యండి."

ఆమె చేతిలో రెండు వేల పంతొమ్మిదిలో వచ్చిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం తెలుగు ప్రతి ఉండాది. అనంతపురంలో ఒక వకీలమ్మ ఇచ్చింది. పనికాడ, బడికాడ, ఆసుపత్రికాడ తనలాంటోళ్లను వేరు చేసి చూడకూడదని ఉన్న చోటు తీసి, నిదానంగా చదివింది. గుమాస్తాలు రాసేది ఆపినారు. ఉదయ్ కుమార్ పెన్ను మూత తీసినాడు, మళ్లీ పెట్టినాడు.

"రేప్పొద్దున నేనే వస్తా" అన్నాడు.

అన్నట్టే వచ్చినాడు. కాలువ తవ్వేకాడ ఆడోళ్లను పిలిచి, "ఈమెతో పని చేసేదానికి ఎవరికి కష్టం?" అని అడిగినాడు.

ఆ గుంపులో పెద్దామె బయమ్మ కొంగు నడుముకు దోపుకుంటా ముందుకొచ్చింది.

"మమ్మల్ని ఎవరడిగినారు సార్? గిరే మా పేరు చెప్పినాడు. మట్టి ఎత్తేదానికి ఏమప్పా అడ్డం? పోయినేడు మా చేన్లో కలుపు తీసేటప్పుడు ఈయమ్మి నాకన్నా ముందే సాలు దాటింది."

గిరి తల వంచుకుని ఫోనులో ఆమె పాత మగపేరు కొట్టబోయినాడు.

"కార్డులో ఏముంటే అది" అనింది పుష్పావతి.

అధికారి చూస్తానే ఉన్నాడు. గిరి దిద్దుకుని, "పుష్పావతి" అని అందరికీ వినపడేటట్టు పిలిచినాడు.

"ఉండా" అనింది. ఆ ఒక్క మాటకే ఆమె వెన్ను నిటారుగా నిలబడింది.

నెల తిరక్కముందే కొత్తచెరువు నుంచి ఆమెలాంటోళ్లే ఇద్దరు వెతుక్కుంటా వచ్చినారు. తమలాంటోళ్లకు ఎవరూ బాడుగకు ఇల్లు ఇయ్యడం లేదంట.

"దానికీ చట్టంలో చోటుండాది" అనింది పుష్పావతి, చేతులు కడుక్కుంటా. "పోదాం రాండి, నేనూ వస్తా."