వెనక్కి పోసిన బఫరు

మా ఇంట్లో గిన్నె అడుగున మిగిలిన చారుచుక్క కూడా పారబోయరు. ఆ పొదుపు నాతోపాటే బర్గూరు కాలేజీలో కెమిస్ట్రీ చదివింది, జయరామప్ప రోజా తోటలో ఉద్యోగానికీ చేరింది.

తోటలో నా పని పొద్దున్నే తొట్టి నీళ్ల పీహెచ్ చూడడం. మా బోరు నీళ్లు అలాగే పెడితే రోజాలకు పడవు. అందుకని కూలీ వేలన్న కొంచెం కొంచెంగా యాసిడ్ కలుపుతాడు, మీటరు అంకె ఆరుకు దిగగానే నేను చాలంటాను. అయితే ముందు ఆ మీటరుకు ఏడంటే ఏమిటో చూపించాలి. అందుకు సరిగ్గా ఏడు పీహెచ్ ఉండే బఫరు సీసాలో వస్తుంది. కప్పులో కాస్త పోసి, మీటరు ముంచి, తెర మీద ఏడు వచ్చేదాకా మర తిప్పి, ఆ కాస్తా పారబోయాలి.

నేను పారబోయలేదు. మంచినీళ్లలా మెరిసేదాన్ని మట్టిపాలు చేయడానికి చెయ్యి రాక, రోజూ మళ్లీ సీసాలోనే పోశాను. ఆ కప్పు కూడా యాసిడ్ కొలిచేదే, పైపైన కడిగి వాడేదాన్ని.

పోయిన నెల మొక్కల వేళ్లు మాడిపోయాయి. కూలీలందరినీ నిలబెట్టి ఇది ఎవరి నిర్వాకమని జయరామప్ప అడిగితే, అందరికంటే ముందు నోరు తెరిచింది నేనే.

"వేలన్న యాసిడ్ జాస్తి పోసినాడప్పా. మీటరు తప్పు చెప్పదు."

వేలన్న తన చేతుల వంక చూసుకున్నాడు. మర్నాటి నుంచి ఆయన్ను పనిలోకి రావద్దన్నారు. యాసిడ్ నేనే కలపసాగాను. మొక్కలు మాత్రం తేరుకోలేదు.

నిన్న పాత సీసా అడుగంటితే కొత్తది తెరిచాను. మీటరు ఎనిమిది చూపించింది. సీసాలు అమ్మినవాణ్ణి నాలుగు తిట్టి ఇంకోటి తెరిచాను. అదీ ఎనిమిదే. పాతదాంట్లో ముంచితే బుద్ధిగా ఏడు. అప్పుడు అర్థమైంది. నేను వెనక్కి పోసిన ప్రతిసారీ ఆ సీసాలో యాసిడ్ పులుపు చేరింది, ఆ పులుపునే ఏడని మీటరుకు నేర్పాను. నీళ్లు నిజంగా ఐదుకు దిగితే గాని అది ఆరు అనలేదు. వేలన్న నేను పొయ్యమన్నంతే పోశాడు.

తేలు కుట్టిన దొంగలా సాయంత్రం దాకా కిక్కురుమనకుండా ఉండి, వేలన్న ఊరు కుందారపల్లికి బస్సెక్కాను.

వేలన్న వాకిట్లో కూర్చుని, చిన్న కప్పుతో బకెట్లోని నీళ్లు గీత దాటకుండా కొలిచి సీసాలో పోస్తున్నాడు. నన్ను చూసి గబుక్కున లేచాడు. ఆయన భార్య అముద కుర్చీ వేసింది. కొలత తప్పకుండా చెయ్యి సరిచేసుకుంటున్నానని ఆయనే చెప్పాడు.

"మిషన్ తప్పు చెప్పదు కదమ్మా. నేనే యాడో జాస్తి పోసినాను."

నెల రోజులుగా ఆ మనిషి తన చేతినే అనుమానించుకుంటున్నాడు. కుర్చీలో కూర్చోలేకపోయాను. నిలబడే జరిగినదంతా చెప్పాను. అముద లోపలికి వెళ్లిపోయింది. వేలన్న కప్పు కింద పెట్టాడు.

"నన్ను అన్నది అందరి ముందరమ్మా. ఇది కూడా ఆడనే చెప్పు."

ఈ పొద్దున ఏడింటికి జయరామప్ప, కూలీలందరూ షెడ్డు ముందు చేరారు. వేలన్న లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు. తల దించుకునే, తప్పు నాదనీ, సీసా సంగతీ చెప్పుకొచ్చాను. కూలీల్లో పెద్దది అంగాళమ్మ, వెనక నిలబడి, ఏమీ వినబడలేదంది.

తలెత్తి, గేటు దాకా వినబడేలా మళ్లీ మొదటి నుంచి చెప్పాను.