పచ్చ కాగితం సబ్బు

మార్చి తొమ్మిది, సోమవారం. ఆ మధ్యాహ్నం రెండు ఉడికించిన గుడ్లు, ముందురోజు మిగిలిన రొట్టె పెట్టుకుని తింటున్నాను. రెండో గుడ్డు పెంకు సగం వలిచేసరికి కేక వినిపించింది.

మా కిటికీకి ఎదురుగా సబ్బుల ఫ్యాక్టరీ గేటు. ఇద్దరు గార్డులు ఒక ఆడమనిషిని రెక్కలు పట్టుకుని లాక్కొస్తున్నారు. ఆమె కుడి చెయ్యి తనది కానట్టు ముందుకు చాపి పట్టుకుంది. గేటు దాటించారు. రోడ్డు అంచున కూలేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆమె నా మరదలు. చనిపోయిన నా భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు. సబ్బు ఉడికే పెద్ద బాన దగ్గర పని. కాస్టిక్ సోడా పోస్తుంటే చేతిమీద చిమ్మింది.

నేను ముప్పై ఏళ్ళు కాలేజీ లాబ్‌లో ఆ కాస్టిక్ సోడా గురించే పాఠాలు చెప్పినవాణ్ణి. ఒంటిమీద పడితే ముందు నీళ్ళు, తర్వాత కూడా నీళ్ళే అని బోర్డుమీద రాసినవాణ్ణి. తీరా ఆరోజు గుడ్డు చేత్తో పట్టుకునే పరిగెత్తాను. నాకంటే ముందే ఒక లారీ డ్రైవరు ఆమెను చేరుకున్నాడు. తను తాగడానికి పెట్టుకున్న నీళ్ళ క్యాను మొత్తం ఆమె చేతిమీద ఒంపుతున్నాడు.

"గుడ్డు తర్వాత తినొచ్చు సార్! ఇంకో బిందె తెండి!" అని నన్ను కసిరాడు.

ఎవరో, ఏ ఊరివాడో. మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. మోచేతి పైన ఆమె చర్మం దక్కిందంటే అతని పుణ్యమే.

గేటు లోపల కాలితే కంపెనీ బాధ్యత. గేటు బయట పడి ఉంటే ఎవరి బాధ్యతా కాదు. ఆ పది అడుగులు ఆమెను లాక్కొచ్చింది అందుకే. మర్నాడు ఆమెకు వైద్యం చేయించమనీ, తమకు గ్లౌజులు ఇవ్వమనీ అడగడానికి వెళ్ళిన ఆరుగురు ఆడవాళ్ళను పనిలోంచి తీసేశారు. మరదలి పేరు హాజరు పట్టీలోంచే కొట్టేశారు. ఆరోజు ఆమె పనిలోకే రాలేదట.

చేతికి కట్టుతో ఆమె మా ఇంటికొచ్చి వెనక గదిలో ఉంది.

*

ఆ వారం మా వీధిలో కొట్టు ముందు మీటింగు పెట్టాం. పెట్టింది టైలరు. అతను మాట్లాడితే మెడలో టేపు కూడా ఊగుతుంది.

"వాళ్ళ బలం ఎక్కడుంది? మన జేబులో ఉంది! మనం ఆ ఎర్ర కాగితం సబ్బు కొనకపోతే ఆ పొగ గొట్టం ఎన్నాళ్ళు పొగ వదుల్తుందో చూద్దాం!"

"నా కొట్లో పెట్టను" అన్నాడు కొట్టాయన. "రేపట్నుంచి అడిగినవాడికి మొహం కడుక్కోకుండా పొమ్మంటా."

అందరూ నవ్వారు. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంట్లో ఉన్న ఎర్ర కాగితం సబ్బులన్నీ తెచ్చి వీధి మధ్యలో పోసి రాళ్ళతో నలగ్గొట్టాం. నేనూ ఒక రాయి పట్టుకున్నాను. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి మమ్మల్ని చూశారు. వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. అలిసిపోయారనుకున్నాను.

ఆ రాత్రి వాన పడింది. వీధంతా నురగ. ఆ వాసన నా భార్య మెడ దగ్గరి వాసన. మూడేళ్ళయింది ఆమె పోయి. నేను గుమ్మంలో నిలబడి వాన వెలిసేదాకా కదల్లేదు.

ఎర్ర కాగితం అమ్మకం మా వీధిలో ఆగింది. పక్క వీధుల్లో ఆగింది. కాలేజీ పిల్లలు తిరిగి తిరిగి ఊరంతా ఆపించారు. ఆ తర్వాత పది రోజులకు కొట్లోకి కొత్త సబ్బు వచ్చింది, ఆకుపచ్చ కాగితంలో. కంపెనీ పేరు ఎప్పుడూ విననిది, చిరునామా ఎక్కడో దూరంగా. "ఇది మన సబ్బు!" అన్నాడు టైలరు. జనం పంతంగా కొన్నారు. పచ్చ కాగితం చేతిలో కనిపించేలా పట్టుకుని నడిచారు.

నేనూ ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి కాగితం విప్పాను.

విప్పగానే నా భార్య గదిలోకి వచ్చినట్టయింది.

నాకు అర్థం కాలేదని చెప్పను. ఏ నూనె, ఏ సుగంధం, ఏది ఎంత పాళ్ళలో అన్నది నా ముక్కుకు తెలుసు. అదే సబ్బు. కాగితం మార్చారంతే. కానీ నేను దాన్ని మళ్ళీ చుట్టి అలమారలో బట్టల మధ్య పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇదీ పోతుంది. మూడేళ్ళుగా లేనిది ఇంట్లోకి తిరిగొస్తే ఎవరు పొమ్మంటారు?

రోజూ కిటికీలోంచి గేటు చూస్తూనే ఉన్నాను. లారీలు తగ్గలేదు.

*

ఐదో వారం మీటింగులో టైలరు గెలిచినంత పని చేశామని చెబుతున్నాడు. వెనకనించి ఒక గొంతు అడ్డొచ్చింది.

"ఎవర్ని గెలిచావు అన్నా?"

ప్యాకింగ్ పిల్ల. పాతికేళ్ళుంటాయి. సబ్బులకు కాగితం చుట్టే చోట పని. షిఫ్టు బట్టలతోనే వచ్చింది.

"కంపెనీని, తల్లీ."

"కంపెనీ బాగానే ఉంది. మాకే రెండు గంటలు ఎక్కువ పని. పొద్దున ఎర్ర కాగితం చుడుతున్నాం, బయటి ఊళ్ళకి. మధ్యాహ్నం పచ్చ కాగితం, మీకు. సబ్బు ఒకటే, బాన ఒకటే. కాలే చేతులూ అవే."

కొట్టాయన తన కొట్లోకి తొంగిచూసి తల పట్టుకున్నాడు. పచ్చ కాగితాలు అరనిండా ఉన్నాయి.

టైలరుకు కోపమొచ్చింది. "ఇన్నాళ్ళూ తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఎవరడిగారు? మీ మీటింగు ఆరింటికి. మా షిఫ్టు దిగేది ఇప్పుడు ఎనిమిదింటికి. ఇవాళ జ్వరమని చెప్పి వచ్చాను. మీరు రాళ్ళతో నలగ్గొట్టిన సబ్బులు ఎవరు చేసినవి? మేం గేటు దగ్గర నిలబడి చూశాం. మా నడుములమీద కొట్టినట్టే ఉంది. ఒక్కరన్నా వచ్చి, 'అమ్మా, ఏం చెయ్యమంటారు' అన్నారా?"

"కొనడం మానితే వాడికి దెబ్బ తగలదా?" కాలేజీ పిల్లాడొకడు అడిగాడు.

"తగుల్తుంది. ఎక్కడ తగుల్తుందో మాకు తెలుసు, మీకు తెలీదు. గుడ్డిగా కొడితే వాడు పక్కకి జరిగాడు, అంతే."

అప్పుడు లేచాను. నీళ్ళు నమలకుండా చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా చెప్పాను.

"నాకు తెలుసు. కాగితం విప్పిన రోజే తెలిసింది."

"మాస్టారూ!" అన్నాడు టైలరు. తిట్టినా బాగుండేది.

మరదలు నా పక్కనే కూర్చుని ఉంది. నా వంక చూడకుండా అడిగింది. "అక్క వాసన కోసమా బావా?"

తలూపాను.

"అక్క ఏనాడన్నా సబ్బు కొందా? గుర్తు తెచ్చుకో. బాన దగ్గర మిగిలిన ముక్కలు నేను కొంగున కట్టి తెచ్చిచ్చేదాన్ని. నువ్వు దాచుకుంది అక్క వాసన కాదు బావా. నా చేతుల వాసన."

కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వీధిలో అందరికంటే చదువుకున్నవాణ్ణి నేను. అందరికంటే ఎక్కువ నష్టం చేసిందీ నేనే.

ప్యాకింగ్ పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది.

"ఏడ్చుకోవడం తర్వాత. మాస్టారూ, మీ చేతిరాత బాగుంటుందంటారు. నిజమేనా?"

*

అప్పట్నుంచి మీటింగు ఎనిమిదిన్నరకు, మా ఇంట్లో. ప్యాకింగ్ ఆడవాళ్ళు పద్నాలుగు మంది, తీసేసిన ఆరుగురు, టైలరు, కాలేజీ పిల్లలు. చీటీలు రాశాం. ఏం రాయాలో చెప్పింది ఆడవాళ్ళు. నేను రెండుసార్లు మాటలు అందంగా మార్చబోయాను, రెండుసార్లూ కొట్టేయించారు.

"ఎర్ర కాగితం సబ్బూ పచ్చ కాగితం సబ్బూ ఒకటే. దీన్ని ఉడికించే మాకు గ్లౌజులు లేవు. ఒకామె చెయ్యి కాలితే గేటు బయట పారేశారు. అడిగిన ఆరుగురిని తీసేశారు. మీరు కొనడం మానితే మాకు చెప్పి మానండి, మేం లోపల పని ఆపుతాం. గేటు దగ్గరకి రండి."

మరదలు ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. మొదటి రోజు మూడు చీటీలు రాసింది, వంకర టింకరగా. "ఇవి వేరే కట్టగా పెట్టండి, ఎవరూ చదవలేరు" అని తనే నవ్వింది. ప్యాకింగ్ పిల్ల ఆ మూడే ముందు తీసుకుంది.

చీటీలు జాకెట్లలో, జడల్లో, అన్నం డబ్బాల మూతల్లో లోపలికి వెళ్ళాయి. కాగితానికీ సబ్బుకూ మధ్య పడుకుని, కంపెనీ లారీల్లోనే, కంపెనీ ఖర్చుతోనే ఊళ్ళు తిరిగాయి.

పన్నెండో రోజున ఎక్కడో దూరపు ఊరినుంచి ఒకామె బస్సు దిగి గేటు దగ్గరకొచ్చింది. బట్టలు ఉతికే పని. చేతిలో తడిసిన చీటీ.

"ఇది రాసిన చెయ్యి ఎవరిది?" అని అడిగింది. వంకర టింకర అక్షరాలు.

మరదలు ముందుకొచ్చింది. వచ్చినామె ఆ కట్టు కట్టిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, "మా ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళం ఉన్నాం. ఎప్పుడు మానాలో చెప్పండి" అంది.

మర్నాడు గేటులో సోదా మొదలైంది. ప్యాకింగ్ పిల్ల జడలో చీటీలు దొరికాయి. పోలీసు జీపు అప్పటికే సిద్ధంగా ఉంది. ఎక్కిస్తుంటే ఆమె వెనక్కి తిరిగి, "సబ్బు దొంగతనం కేసు పెడతారంట! మొహం కడుక్కోడానికి కూడా తీరికలేని దాన్ని!" అని అరిచింది. ఒక కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆమె చెప్పు జారితే వంగి తీసిచ్చిందీ అతనే.

లోపల మేనేజరు చుట్టిన సబ్బులన్నీ విప్పి చూడమన్నాడు. పదమూడు మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీరే విప్పుకోండి. మీరే చుట్టుకోండి."

బాన దగ్గరివాళ్ళు మంట ఆర్పేశారు. మధ్యాహ్నానికి పొగ గొట్టం ఖాళీ ఆకాశంలో కర్రలా నిలబడింది. నేను ఈ వీధిలో ఉంటున్న ఇరవై ఏళ్ళలో అది పొగ లేకుండా ఉండటం చూడలేదు. లోపలివాళ్ళు బయటికొచ్చారు, బయటివాళ్ళం ఎదురెళ్ళాం. మరదల్ని కూలేసిన చోటే అందరం కూర్చున్నాం. లారీ ఒక్కటి కదల్లేదు.

అది జరిగి తొమ్మిది రోజులు. కంపెనీ గేటుకు తాళం వేసింది. ప్యాకింగ్ పిల్ల ఇంకా జైల్లోనే ఉంది. కొందరి ఇళ్ళలో ఒక పూటే పొయ్యి వెలుగుతోంది. గెలుస్తామా అంటే నేను చెప్పలేను. ఒకప్పుడు మనం కొనకపోతే చాలనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఈ సాయంత్రం కాలేజీ పిల్లలు ఆ దూరపు ఊరికి బయల్దేరారు. రెండు కాగితాల్లో ఉన్నదీ ఒకటే సబ్బని అక్కడ చూపించాలి. ఎర్ర కాగితంది దొరికింది, పచ్చది కొట్లో లేదు. నేను అలమార తెరిచి బట్టల మధ్యనుంచి తీసిచ్చాను. మరదలు చూసింది.

వాళ్ళు వెళ్ళాక నా వేళ్ళకు ఆ వాసన ఇంకా కొంచెం ఉంది. చేతులు కడుక్కుని, ఊళ్ళకు పంపాల్సిన చీటీల ముందు కూర్చున్నాను. తొమ్మిదింటికి చివరగా ఉన్నావిడ కూడా లేచి వెళ్ళింది.

"జైలు దగ్గర్నుంచి ఆ పిల్ల వాళ్ళమ్మ వస్తానంది" అని మరదలు కొత్త చర్మం వస్తున్న కుడిచేత్తో, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది. గడియ పెట్టలేదు.