ఫస్టు షిఫ్టు వారం

ఈ వారం మా ఆయనకు ఫస్టు షిఫ్టు. చీకటితోనే లేచి అన్నం వండి, చిక్కుడుకాయ కూరతో డబ్బా కట్టాను. ఎందుకో తెలియదు, పొయ్యి ముందే ఏడుపొచ్చింది. వీరేందర్ డబ్బా అందుకుని, "మల్ల సురువు జేసినవా?" అని బొగ్గుబావికి వెళ్లిపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, విసుక్కుంటూనే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నా దిగులు జబ్బుకు మొదట ఇచ్చిన మందుతో నోరు ఎండిపోతోందంటే డాక్టర్ విద్య ఇంకొకటి రాశారు. ఏది ఒంటికి పడుతోందో తేల్చుకోవడానికి పాతది వాడినప్పుడూ, కొత్తది మొదలుపెట్టాక మొన్నా రక్తపరీక్ష చేయించారు. ఇప్పుడు రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నారు.

"పాత మందు మీ రక్తంలో సరిపడా ఉంది. కొత్తది దాదాపు లేనే లేదు. రోజూ వేసుకుంటున్నారా, జమునా?"

"ఏస్కుంటది మేడం," అన్నాడు వీరేందర్, నా బదులు.

"అయితే నోరు ఎండినా పాతదే నయం. ఇది ఆపేద్దాం," అని ఆమె పెన్ను తీశారు.

నాకు నవ్వొచ్చింది, ఎన్ని నెలల తర్వాతో. రెండు మందులూ మత్తుగా నిద్ర తెప్పించేవే. మొదట్లోనే ఒకరోజు మెలకువ రాక, ఆయన డబ్బా లేకుండా డ్యూటీకి పోవాల్సి వచ్చింది. "గోళీ మింగి గిట్ల పండుకుంటే మొగడు ఉపాసం ఉండాల్నా?" అని మా అత్త కనకవ్వ వాడంతా వినేలా అరిచింది. "ఫస్టు షిఫ్టుల గోళీ బంద్ వెట్టు," అన్నాడు ఆయన. సెకండ్ షిఫ్టయితే అర్ధరాత్రి ఆయన వచ్చేదాకా మేలుకుని అన్నం వేడిచేయాలి, అప్పుడూ బందే. ఆయన రాత్రంతా బావిలో ఉండే నైట్ షిఫ్టు వారమే నాకు గోళీ మింగే వీలు. నా జబ్బును కూడా వీళ్ల తిండి వేళలకు సర్దుకుని సర్దుకుని అలసిపోయాను.

"మేడం," అన్నాను. "పాత మందుకు రక్తం ఇచ్చినప్పుడు ఈయనది నైట్ షిఫ్టు. కొత్తదానికి ఫస్టు షిఫ్టు. నైట్ షిఫ్టు వారమే నేను గోళీ ఏస్కుంటున్న."

రాసే చెయ్యి ఆగిపోయింది. వీరేందర్ బల్ల కింద నా మోచెయ్యి గట్టిగా నొక్కాడు. "ఏం మాట్లాడుతున్నవే?"

డాక్టర్ ఆయన వైపు చూడలేదు. "మరి ఏం చేద్దాం, జమునా?"

చెయ్యి విడిపించుకున్నాను.

"మందు మార్చకుండ్రి మేడం. రేపటి సంది డబ్బా ఆయనే కట్టుకుంటడు."